గ్లాసింగ్‌కు ముందు ఫోమ్ సొట్టలు: సర్ఫ్‌బోర్డు పనిలో పడవ లెక్క పనికిరాదు

పూరీ పెంటకట నుంచి చెన్నై దిగువన కోవళం, మహాబలిపురం వరకు తీరమంతా ఇప్పుడు సర్ఫింగ్ కనిపిస్తోంది. ఫైబర్ పడవలకు మరమ్మతు చేసే మనవాళ్ల చేతికి అప్పుడప్పుడు సర్ఫ్‌బోర్డు పని కూడా వస్తోంది. రెజిన్, హార్డెనర్ మనకు కొత్త కాదు. లోపలి ఫోమ్ మాత్రం కొత్త. పడవకు వేసే పుట్టీ ఎంత గట్టిదైతే అంత మంచిది. ఫోమ్‌లో నింపేది ఫోమ్ కంటే గట్టిగా ఉంటే అదే లోపం అవుతుంది. ఎందుకో, మరి ఏం చేయాలో చూద్దాం.

ముందు ఏ ఫోమో తేల్చుకోవాలి

గుడ్డ పరిచి రెజిన్ పూయకముందు, బోర్డు ఆకారానికి చెక్కిన ఫోమ్ దిమ్మను బ్లాంక్ అంటారు. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పాలీయురేథేన్. సన్నని కణాలతో నున్నగా ఉంటుంది. రెండోది ఈపీఎస్, అంటే మనం థర్మాకోల్ అనే జాతి. దగ్గరగా చూస్తే పూసలు కనిపిస్తాయి. అమెరికా బోర్డులకు చాలావరకు ఫోమ్ అందించిన కాలిఫోర్నియాలోని క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబర్ 5న ఉన్నట్టుండి మూతపడింది. ఆ తర్వాత ఈపీఎస్ వాడకం బాగా పెరిగింది. అందుకే ఇప్పుడు రెండూ చేతికి వస్తాయి.

పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ ఈపీఎస్‌ను కరిగించేస్తుంది. దానికి ఎపాక్సీయే వాడాలి. అనుమానం ఉంటే ముక్క మీద చుక్క వేసి చూడండి. బోర్డు మీద ప్రయోగం వద్దు.

సొట్టలు వెతకడం

పైనుంచి పడే వెలుతురులో సొట్ట దాక్కుంటుంది. పై లైటు ఆర్పి, నడుము ఎత్తున పక్కనుంచి ట్యూబులైటు పెడితే ప్రతి గుంటా నీడ వేస్తుంది. పెన్సిల్‌తో తేలిగ్గా గుర్తు పెట్టండి. గట్టిగా గీస్తే గీత పారదర్శకమైన రెజిన్ కింద అలాగే ఉండిపోతుంది. చెక్కిన దిమ్మను వేళ్లతో పట్టుకోకూడదు, అరచేతుల మీద మోయాలి. చాలా సొట్టలు బొటనవేలి ముద్రలే.

తేలికపాటి సొట్ట

లోతు అతి తక్కువైతే ఏమీ నింపనక్కర్లేదు. చదునైన చెక్కకు ఎమ్రీ పేపర్ చుట్టి, చుట్టూ వెడల్పుగా, పొడవాటి చేతులతో రుద్ది కలిపేయాలి. సొట్ట ఉన్నచోటే రుద్దితే చిన్న గుంట పెద్ద పల్లం అవుతుంది.

ఈపీఎస్‌లో ఇంకో దారి ఉంది. తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె క్షణం ఆనిస్తే ఆవిరికి నలిగిన పూసలు కొంత ఉబ్బుతాయి. పెట్టె నేరుగా తగిలితే ఫోమ్ కరుగుతుంది, జాగ్రత్త. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. పాలీయురేథేన్‌లో ఈ పద్ధతిని నమ్ముకోవద్దు.

గుంట, కన్నం

ముందుగా నలిగి మెత్తబడిన ఫోమ్‌ను పదునైన బ్లేడుతో తీసేయాలి. చచ్చిన ఫోమ్ మీద నింపితే అది నిలవదు.

చిన్న గుంటలకు మైక్రోబెలూన్స్ వాడతాం. ఇవి పిండిలాంటి బోలు గాజు గుండ్లు. వీటిని రెజిన్‌లో చిక్కగా, గట్టి పెరుగులా కలపాలి. గుంట చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, ఉపరితలానికి వెంట్రుకవాసి పైకి వచ్చేలా నింపాలి. పూర్తిగా గట్టిపడకముందే, రబ్బరులా ఉన్నప్పుడే బ్లేడుతో సమంగా కోసేయాలి. రాయి అయ్యాక రుద్దితే మాత్రం పుట్టీ అరగదు, పక్కనున్న ఫోమ్ అరుగుతుంది. మరమ్మతు చుట్టూ కందకం తయారవుతుంది. ఇదే పడవ చేతికి తరచు ఎదురయ్యే చిక్కు.

గోడలకు వేసే లప్పం అసలు వద్దు. అది బరువు, పైగా దానిలో తడి మిగిలితే రెజిన్ సరిగా పట్టదు.

పెద్ద కన్నానికి అదే రకం ఫోమ్ ముక్క అతకడమే మేలు. కన్నాన్ని శుభ్రమైన అంచులతో కోసి, అందులో బిగువుగా కూర్చునే ముక్కను చెక్కాలి. జిగురు అడుగున, పక్కల పలచగా రాయాలి. పైఅంచు దాకా మాత్రం తేకూడదు. తెస్తే రుద్దేటప్పుడు ఆ గట్టి గీత ఎత్తుగా నిలిచిపోతుంది. ముక్కను కొంచెం ఎత్తుగా ఉంచి, ఆరాక సమం చేయాలి.

గుడ్డ పరిచే వేళ

దుమ్మును గాలితో ఊదేయాలి. థిన్నర్‌తో తుడవకూడదు. ఎండ ఎక్కుతున్న ఉదయం ఈ పని వద్దు. వేడికి ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి, తడి రెజిన్‌లోంచి బుడగలుగా బయటికి వస్తుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు అయితే ఫోమ్ రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది.

నింపకుండా వదిలిన గుంట మీద గుడ్డ వంతెనలా నిలుస్తుంది. కింద గాలి ఉండిపోతుంది. మడమ తగిలిన రోజున అక్కడే పగులుతుంది, నీరు లోపలికి పోతుంది. అప్పుడు గ్లాస్ కోసి, ఫోమ్ ఆరబెట్టి, మళ్లీ మొదటినుంచి చేయాలి. ఇప్పుడు పావుగంట పని, అప్పుడు కొన్ని రోజుల పని.

చివరిగా ఒక మాట. ఫోమ్ దుమ్ము, మైక్రోబెలూన్స్ ఊపిరితిత్తులకు మంచివి కావు. పాలిస్టర్ హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు. పడవ పనిలో మనవాళ్లు చాలామంది మాస్కూ కళ్లద్దాలూ లేకుండానే నెట్టుకొస్తున్నారు. ఆ అలవాటును మాత్రం ఈ కొత్త పనిలోకి తేవద్దు.