విరిగిన ఎముకకు పాయింట్లు తెలియవు

మౌంటెయిన్ బైక్ క్రాస్‌కంట్రీ పందేల్లో ఎవరు ఏ వరుస నుంచి బయల్దేరాలన్నది చాలావరకు పాయింట్లే తేలుస్తాయి. ప్రపంచకప్‌లో ప్రధాన పందెం గెలిస్తే 250, రెండో స్థానానికి 200. ర్యాంకింగ్‌లో ఏడాది దాటిన పాయింట్లు లెక్కలోంచి జారిపోతాయి. జ్వరమొచ్చి ఒక పందెం మానేస్తే ఆ ఖాతాలో సున్నాయే. వెనక వరుసలో పడితే, దారి ఇరుకయ్యేలోపే ముందువాళ్లను దాటాలి. గుండెకు మొదటి నిమిషం నుంచే పరుగు. అందుకే పూర్తిగా కోలుకోకుండానే సైకిలెక్కాలన్న తొందర పుడుతుంది.

బ్రిటన్‌కు చెందిన టామ్ పిడ్‌కాక్‌ను 2021 మే నెలాఖరులో సాధన చేస్తుండగా కారు ఢీకొంది. కాలర్ బోన్ విరిగింది. రెండు నెలలు తిరక్కముందే టోక్యో ఒలింపిక్స్‌లో, పాయింట్లు తక్కువై నాలుగో వరుస నుంచి బయల్దేరి, స్వర్ణం గెలిచాడు! ముచ్చటైన కథే. మీ అబ్బాయికి కొలమానం మాత్రం కాదు. పెద్దవాళ్లలో ఈ ఎముక అతకడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. నొప్పి అంతకుముందే తగ్గొచ్చు, చిక్కంతా అక్కడే. ఎక్స్‌రే చూసి డాక్టర్ సరేననేదాకా మట్టిబాటలు వద్దు. ఆయన ఒప్పుకుంటే ఇంట్లో కదలని సైకిల్ తొక్కించండి. జ్వరం ఉన్న రోజుల్లో అదీ వద్దు.