నింద బ్యాటరీది, నేరం ఎవరిది?

వాహనం స్టార్టు కానప్పుడు మనం మొట్టమొదట నిందించేది బ్యాటరీని. అది నిర్దోషి కావచ్చునన్న ఆలోచన సామాన్యంగా ఎవరికీ తోచదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, ఛార్జింగు వ్యవస్థలో ఎక్కడో దాగిన లోపానికి బ్యాటరీ శిక్ష అనుభవిస్తుంది. దానితోపాటు ఒక్కొక్కప్పుడు మనుషులు కూడా నిందల పాలవుతారు. మా కళాశాల వ్యాను విషయంలో జరిగినది అదే. భౌతికశాస్త్ర విద్యార్థులమైన మాకు ఆ సంఘటన ఒక మంచి పాఠం నేర్పింది. ఆ పాఠాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా పాత డీజిల్ వ్యానుకు ఒకే విద్యాసంవత్సరంలో రెండు కొత్త బ్యాటరీలు కొనవలసి వచ్చింది. రెండవది వచ్చిన కొద్ది వారాలకే, ప్రాక్టికల్ పరీక్ష నాటి ఉదయం, సెల్ఫ్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. విద్యార్థులే దిగి వ్యానును తోశారు. పరీక్షకు అరగంట ఆలస్యంగా చేరుకున్నాము. మేమందరం చాచా అని పిలుచుకునే డ్రైవరు రాత్రి లైట్లు ఆర్పడం మరచి ఉంటారని కొందరన్నారు. ఆ మాట అన్నవారిలో మేము కూడా ఉన్నామని సిగ్గుతో ఒప్పుకుంటున్నాము. ఒక మెకానిక్ ఆల్టర్నేటరునే మార్చివేయాలన్నాడు. చాచా మాత్రం, "రాత్రిపూట మీటరు బోర్డులో ఎర్రదీపం సన్నగా వెలుగుతోంది, బాబూ" అని పదేపదే చెప్పేవారు. ఆ మాటను ఎవరూ చెవిని పెట్టలేదు.

లోపం వెదకడానికి ముందు యంత్రం పనిచేసే విధానం తెలియాలి. అయస్కాంత క్షేత్రం మారినప్పుడు సమీపంలోని తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని మైఖేల్ ఫారడే 1831లో నిరూపించాడు. ఆల్టర్నేటరుకు మూలం ఆ సూత్రమే. ఇంజను తిప్పే బెల్టు వల్ల రోటరు తిరుగుతుంది. కార్బన్ బ్రష్షుల ద్వారా రోటరు చుట్టకు స్వల్పమైన విద్యుత్తు అంది, అది అయస్కాంతమవుతుంది. చుట్టూ కదలకుండా ఉండే స్టేటరు చుట్టలలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. దానిని డయోడ్లు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. రెగ్యులేటరు రోటరుకు అందే విద్యుత్తును హెచ్చించి తగ్గించి, వోల్టేజి హద్దు మీరకుండా కాపాడుతుంది.

ఇక ఎర్రదీపం సంగతి. మా వ్యాను వంటి వాహనాలలో ఆ దీపానికి ఒక కొస బ్యాటరీ వైపు, మరొక కొస ఆల్టర్నేటరు వైపు ఉంటుంది. తాళం తిప్పగానే దీపం వెలగాలి. ఇంజను నడవగానే ఆరాలి. రెండు కొసలలో వోల్టేజి సమానమైతే దీపంలో విద్యుత్తు ప్రవహించదు కనుకనే అది ఆరుతుంది. తాళం తిప్పినా దీపం వెలగకపోతే మొదట ఆ బల్బునే చూడాలి. పలు పాత వాహనాలలో రోటరుకు తొలి విద్యుత్తు అందేది ఆ బల్బు ద్వారానే కనుక, అది మాడిపోతే ఛార్జింగు మొదలు కాకపోవచ్చు.

ఒక సెలవు దినాన మా అధ్యాపకుల అనుమతితో ప్రయోగశాలలోని మల్టీమీటరు తీసుకొని వ్యాను వద్దకు వెళ్లాము. సులభమైన పరీక్ష ముందు, కష్టమైనది తరువాత అన్న క్రమాన్ని పాటించాము.

మొదటిది కంటిచూపు. బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లని లేదా పచ్చని పూత ఉన్నదా? క్లాంపులు వదులుగా ఉన్నాయా? ఫ్యాన్ బెల్టు పగిలి, నునుపెక్కి, జారుతోందా? రెండు పుల్లీల నడుమ బొటనవ్రేలితో నొక్కితే బెల్టు సుమారు అర అంగుళానికి మించి వంగరాదు. మా వ్యానులో ఇవన్నీ సరిగానే ఉన్నాయి.

రెండవది, ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచిన తరువాత బ్యాటరీని కొలవడం. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.0 చూపితే అది దాదాపు ఖాళీ అయినట్లే. మా బ్యాటరీ 12.0 చూపింది. దానిని బయట ఛార్జరుపై నిండుగా ఛార్జి చేసి ఒక రాత్రి ఉంచితే, మరునాడు కూడా 12.6 నిలిచింది. అనగా బ్యాటరీ నిర్దోషి.

మూడవది, ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి కొలవడం. అప్పుడు బ్యాటరీ వద్ద సామాన్యంగా 13.8 నుండి 14.5 వోల్టుల వరకు ఉండాలి. మాకు కనిపించినది 12.1 మాత్రమే. ఇక్కడే ఆగిపోయి ఉంటే, ఆల్టర్నేటరు పాడైనదన్న మెకానిక్ మాట నిజమనుకొనేవారము. కాని ఆల్టర్నేటరు అవుట్‌పుట్ బోల్టుకూ, దాని బాడీకీ మధ్య కొలిస్తే 14.3 వోల్టులు ఉన్నాయి. ఇచ్చేవాడు నిండుగా ఇస్తున్నాడు, పుచ్చుకొనేవాడికి అందడం లేదు. నడుమ ఎవరో దారి కాస్తున్నారు.

కనుక నాల్గవ పరీక్ష ఆ దారినే కొలవడం. మీటరు ఒక తీగను ఆల్టర్నేటరు అవుట్‌పుట్ బోల్టుపై, మరొక తీగను బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌పై ఉంచాము. దారి మంచిదైతే ఈ భేదం 0.2 లేక 0.3 వోల్టులకు మించరాదు. మాకు 2.1 వచ్చింది. ఆల్టర్నేటరు బాడీ నుండి బ్యాటరీ నెగటివ్‌కు, అనగా ఎర్త్ దారిలో, 0.1 మాత్రమే ఉన్నది. 14.3 నుండి ఈ 2.2 తీసివేస్తే మిగిలేది సరిగ్గా 12.1. లెక్క కుదిరింది!

ఇంజను ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, పాజిటివ్ కేబులును అంగుళం అంగుళం పరిశీలించాము. చాసిస్ ప్రక్కన ఒక జాయింటు వద్ద లగ్గు మాడి నల్లబడి ఉన్నది. ఓమ్ నియమం పాఠ్యపుస్తకంలో ఎంత చిన్నదిగా కనిపిస్తుందో! ఒక జాయింటులో నిరోధం 0.1 ఓమ్ మాత్రమే అనుకుందాము. దాని గుండా 20 ఆంపియర్లు ప్రవహిస్తే 2 వోల్టులు అక్కడే నశిస్తాయి. 40 వాట్ల వేడి పుట్టి జాయింటును ఇంకా మాడుస్తుంది. చాచా చూసిన ఎర్రదీపపు రహస్యం కూడా అదే. దీపం రెండు కొసల మధ్య సుమారు 2 వోల్టుల భేదం నిలిచినందున అది సన్నగా వెలిగేది. పగటి వెలుగులో కనిపించేది కాదు. కొత్త లగ్గు వేయించి బిగించగానే, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద 14.1 వోల్టులు కనిపించాయి. రెండు బ్యాటరీల వెలతో పోల్చితే ఆ ఖర్చు లెక్కలోనికే రాదు.

ఒకవేళ ఆల్టర్నేటరు బోల్టు వద్దనే వోల్టేజి తక్కువైతే దోషం దాని లోపల, లేదా దానికి వచ్చే తొలి విద్యుత్తు దారిలో ఉన్నట్లు. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, స్క్రూడ్రైవరు కొనను ఆల్టర్నేటరు వెనుక బేరింగు వద్దకు తెస్తే అయస్కాంతపు లాగుడు తెలియాలి. లాగుడు లేకపోతే అరిగిన బ్రష్షులను, రెగ్యులేటరును, రోటరు చుట్టను, ఇందాక చెప్పిన బల్బును అనుమానించాలి. లాగుడు ఉండి కూడా ఛార్జింగు రాకపోతే డయోడ్లను, స్టేటరును పరీక్షించాలి. పాడైన డయోడు రాత్రంతా బ్యాటరీని నెమ్మదిగా పీల్చివేయగలదు కూడా.

కొన్ని హెచ్చరికలు తప్పనిసరి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి ఆల్టర్నేటరును పరీక్షించే అలవాటు కొందరికి ఉన్నది. అట్లా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, రెగ్యులేటరు మాడిపోవచ్చు. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజను మండే స్వభావం కలది, నిప్పును దరిచేరనీయరాదు. తిరిగే బెల్టుకు దుస్తులు, చేతులు దూరంగా ఉండాలి. కొత్త వాహనాలలో ఛార్జింగును కంప్యూటరు నియంత్రిస్తుంది; వోల్టేజి అవసరాన్ని బట్టి మారుతుంది కనుక, ఆ వాహనపు పుస్తకం చూడకుండా తీర్పు చెప్పరాదు.

ఆ రోజు మీటరులో 14.1 కనిపించినప్పుడు మేము చాచా వైపు తిరిగి క్షమాపణ కోరుకున్నాము. ఆయన నవ్వి, "పహలే నాపో, ఫిర్ బోలో" అన్నారు. ముందు కొలవండి, తరువాత మాట్లాడండి అని ఆయన భావం. ప్రయోగశాల గోడపై వ్రాసుకోదగిన మాట అది. యంత్రాన్ని గాని, మనిషిని గాని పరీక్షించకుండా నిందించరాదు. ఒక మల్టీమీటరును వ్యానులోనే ఉంచి, నెలకొకసారి పై కొలతలు ఒక పుస్తకంలో నమోదు చేసే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా విన్నవిస్తున్నాము. ఆ పని చేయడానికి మేము సంసిద్ధులము.