చిన్న ట్రాక్టరుకు ముందు లోడరు: బరువుల లెక్క, బిగింపు, వినియోగం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- బకెట్టులోని బరువు ట్రాక్టరు ఇరుసులపై ఎలా పడుతుందో లెక్కకట్టగలుగుతారు.
- వెనుక ప్రతిభారం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
- లోడరును బిగించే, విప్పే క్రమాన్ని చెప్పగలుగుతారు.

1. పరిచయం

పండ్లతోటల్లో చెట్ల వరుసల మధ్య తిరగడానికి, పశువుల కొట్టాల దగ్గర పనులకు చిన్న ట్రాక్టర్లు అనుకూలంగా ఉంటాయి. ముందువైపు లోడరు బిగిస్తే అదే ట్రాక్టరు ఎరువును ట్రాలీలోకి ఎత్తుతుంది. ఇసుకను, మట్టిని ఒకచోటి నుంచి మరొకచోటికి చేరుస్తుంది. అయితే ట్రాక్టరును ప్రధానంగా వెనుక తగిలించిన పనిముట్లను లాగడానికి రూపొందించారు. అందువల్ల దాని బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రాలపై ఉంటుంది. లోడరు ఈ అమరికను తారుమారు చేస్తుంది. లోడరుతో జరిగే బోల్తాలను అర్థంచేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2. బరువుల లెక్క

ఏతాన్ని గుర్తుచేసుకోండి. మాను ఒక చివర నీళ్ల బాన ఉంటే, రెండో చివర రాయి కట్టేవారు, లేదా మనిషే మానుపై నడిచేవాడు. ట్రాక్టరులో ముందు ఇరుసే ఆ మానుకు ఆధారం. బకెట్టు దానికి ఒకవైపు, వెనుక చక్రాలపై పడే బరువు రెండోవైపు ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లోడరు బిగించిన ట్రాక్టరు బరువు 1,200 కిలోలు. బకెట్టు ఖాళీగా ఉన్నప్పుడు ముందు ఇరుసుపై 640, వెనుక ఇరుసుపై 560 కిలోలు పడుతున్నాయి. ఇరుసుల మధ్య దూరం 1.6 మీటర్లు. బకెట్టు ముందు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు ఉంది. అందులో 320 కిలోల ఇసుక నింపాం.

వెనుక ఇరుసుపై తగ్గే బరువు = 320 × 1.2 ÷ 1.6 = 240 కిలోలు.

ఇప్పుడు వెనుక 320, ముందు 1,200 కిలోలు. మొత్తం బరువులో సుమారు అయిదో వంతు మాత్రమే వెనుక మిగిలింది. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి కాబట్టి, వెనుక తేలికైతే బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు వెనుక ఇరుసుకు 0.8 మీటర్ల వెనుక, త్రీ పాయింట్ లింకేజికి 200 కిలోల ప్రతిభారం తగిలిద్దాం. ముందు ఇరుసు నుంచి దాని దూరం 2.4 మీటర్లు. వెనుక ఇరుసుపై పెరిగేది 200 × 2.4 ÷ 1.6 = 300 కిలోలు. అంటే వెనుక బరువు 620 అయింది. ముందు బరువు 100 తగ్గి 1,100 అయింది. అదే 200 కిలోలను వెనుక చక్రాలకే బిగిస్తే వెనుక 520 అవుతుంది గాని, ముందు ఇరుసుపై భారం ఏమాత్రం తగ్గదు. లింకేజికి తగిలించిన ప్రతిభారం ఎక్కువ మేలు చేసేది ఇందుకే.

3. పక్కకు ఎందుకు ఒరుగుతుంది?

ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్నుపై ఊగుతుంది. గతుకుల నేలపై నాలుగు చక్రాలూ ఆనడానికి ఈ ఏర్పాటు. దీనివల్ల ట్రాక్టరు నిలకడ రెండు వెనుక చక్రాలు, ముందు పిన్ను కలిపి ఏర్పడే త్రిభుజంపై ఆధారపడుతుంది. గరిమనాభి ఈ త్రిభుజం పైన ఉన్నంతవరకు ట్రాక్టరు పడదు. బకెట్టు నిండితే గరిమనాభి ముందుకు, అంటే త్రిభుజం ఇరుకైన వైపుకు జరుగుతుంది. బకెట్టును పైకెత్తితే అది పైకీ జరుగుతుంది. అప్పుడు ఒక చక్రం చిన్న గుంతలో దిగినా ట్రాక్టరు బోల్తాపడవచ్చు.

4. బిగించే క్రమం

లాకు పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. సాధారణ క్రమం ఇది:

1) చదునైన గట్టి నేలను ఎంచుకోవాలి. వెనుక ప్రతిభారాన్ని ముందే తగిలించాలి.
2) ట్రాక్టరును నెమ్మదిగా లోడరు చేతుల మధ్యకు నడిపి, పార్కింగు బ్రేకు వేసి, ఇంజను ఆపాలి.
3) కంట్రోలు లివరును అన్నివైపులకూ కదిపి పీడనం తగ్గించాలి. కప్లర్లను శుభ్రమైన గుడ్డతో తుడిచి, గుర్తుల ప్రకారం గొట్టాలను కలపాలి.
4) ఇంజను స్టార్టుచేసి, సీటులో కూర్చొనే లోడరును మెల్లగా కదిపి రంధ్రాలను ఎదురెదురుగా తేవాలి. ఇంజను ఆపిన తరువాతే దిగి రెండువైపులా పిన్నులు, క్లిప్పులు వేయాలి. రంధ్రాల్లో వేలు పెట్టరాదు.
5) స్టాండ్లను మడిచి, ఖాళీ బకెట్టును రెండుమూడుసార్లు ఎత్తి దించి పరీక్షించాలి.

విప్పేటప్పుడు బకెట్టును ఖాళీచేసి, స్టాండ్లు దించి, ఇదే క్రమాన్ని వెనుకనుంచి పాటించాలి. ప్రతిభారం మొదట ఎక్కాలి, చివర దిగాలి.

5. పనిలో పాటించవలసినవి

- బకెట్టు నిండుదనాన్ని కాక బరువును చూడాలి. పొడి ఎరువుతో నిండిన బకెట్టు కంటే అదే బకెట్టు నిండా తడి ఇసుక ఎన్నో రెట్లు తూగవచ్చు.
- నడిపేటప్పుడు బకెట్టును నేలకు దగ్గరగా ఉంచాలి. ఎత్తిన బకెట్టుతో మలుపు తిప్పరాదు.
- వాలుపై బకెట్టు ఎప్పుడూ ఎగువవైపు ఉండాలి: ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్సులో నడపాలి.
- బకెట్టులో మనిషిని ఎక్కించరాదు. దాని కింద ఎవరినీ నిలబడనివ్వరాదు.
- బోల్తా రక్షణ ఫ్రేము ఉన్న ట్రాక్టరులో సీటు బెల్టు తప్పనిసరి.
- గొట్టం కారుతోందేమోనని చేతితో తడమరాదు, అట్టముక్కతో చూడాలి. అధిక పీడనంతో చిమ్మే నూనె చర్మంలోకి చొచ్చుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

6. సారాంశం

లోడరు బరువును వెనుక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు మారుస్తుంది. దీనివల్ల బ్రేకు పట్టు, నిలకడ రెండూ తగ్గుతాయి. వెనుక తగినంత ప్రతిభారం, కిందికి దించిన బకెట్టు, తక్కువ వేగం ఈ లోటును పూడుస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో ప్రతిభారం లేకుండా బకెట్టులో 400 కిలోలు నింపితే వెనుక ఇరుసుపై ఎంత బరువు మిగులుతుంది?

జవాబు: 400 × 1.2 ÷ 1.6 = 300; 560 − 300 = 260 కిలోలు.