విత్తనాల గదికి ఏ పచ్చ రంగు?

పొలం పనులు వదిలేసి గోడల రంగు గురించి ఏంటండీ అనుకోకండి. ఇది మన విత్తనానికి సంబంధించిన సంగతే.

మా విత్తనాల గదికి పచ్చ రంగు వేద్దామనుకున్నాం. అమ్మకు లేత చిలకపచ్చ నచ్చింది. నాకు ముదురు ఆకుపచ్చ, మరకలు కనబడవని. షాపులో షేడ్ కార్డు చూసి డబ్బా తెచ్చేద్దామంటే అమ్మ ఆపింది. "ఆ గదిలో కూర్చుని గింజలు ఏరేది నేను కదరా, ముందు వేసి చూడు" అంది.

రెండు పెద్ద అట్టలకు రెండేసి కోట్లు వేసి, ఒకరోజు ఆరనిచ్చాం. తడి రంగు చూసి నిర్ణయం తీసుకోకూడదు, ఆరాక తేడా వస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టకుండా ఒక్కోదాన్నీ విడిగా గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద చూశాం.

మా గదికి ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ. సాయంత్రం నాలుగయ్యేసరికి ముదురు పచ్చ దాదాపు నల్లగా అయిపోయింది. ముదురు రంగు వెలుతురును మింగేస్తుంది, లేత రంగు తిరిగి గదిలోకి పంపిస్తుంది. అక్కడే నేను ఓడిపోయాను.

కానీ చిలకపచ్చ కూడా పూర్తిగా గెలవలేదండోయ్! ఆ అట్టను కిటికీ పక్కన పెట్టి, అమ్మ చేటలో తెల్ల జొన్నలు పోసి చూసింది. గింజల మీద పచ్చ ఛాయ పడింది. జొన్నలో బూజు పట్టిన గింజలు గులాబీగానో, నల్లగానో కనిపిస్తాయి. ఆ తేడా తెలియకపోతే చెడ్డ గింజ విత్తనంలో కలిసిపోతుంది. దాని ఫలితం వచ్చే పంటలో అనుభవించాలి.

అందుకని కిటికీ ఉన్న గోడకు, దాని పక్క గోడకు తెల్ల సున్నమే వేశాం. మిగతా రెండు గోడలకు లేత చిలకపచ్చ. అమ్మ ఏరే చోట ఇప్పుడు గింజ అసలు రంగులోనే కనబడుతోంది.

ఆవుపేడతో చేసే ఖాదీ ప్రాకృతిక్ పెయింట్ కూడా 2021 జనవరి నుంచి ఉంది. అది మొదట తెల్లగానే ఉంటుంది, కావాల్సిన రంగు కలిపించుకోవచ్చు.

ఏ రంగు వేసినా ముందు పగుళ్లు పూడ్చండి, పురుగులు దాక్కునేది వాటిలోనే. గోడలు బాగా ఆరాకే విత్తనాలు లోపల పెట్టండి, లేకపోతే తేమ పడుతుంది. అట్టలతో మేం చూసిన తేడా వీడియోలో గమనించండి. మీ గదిలో మాత్రం మీ గింజలతోనే చూసుకోండి.