విషప్రమాదములు – గ్రామమున చేయవలసిన పని

ఆసుపత్రుల అత్యవసర విభాగములకు మన గ్రామములనుండి వచ్చు విషప్రమాదములలో పెక్కింటికి మూలము పొలమునకై తెచ్చిన పురుగుమందే. వీరిలో క్షణికమైన మనోవేదనతో త్రాగినవారే హెచ్చు. మందు తాళము వేసిన పెట్టెలో నున్నచో ఆ క్షణము గడచిపోవుటకు అవకాశము కలదు.

ఆర్గనోఫాస్ఫరస్ జాతి మందు లోనికి పోయినచో కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. నోట నురుగు, చెమట, ఆయాసము కలుగును. దీనికి అట్రోపిన్ సూదిమందు కలదు. కాని అన్ని విషములును ఇట్లు వెంటనే బయటపడవు. ఎలుకలమందులలో పచ్చభాస్వరపు ముద్ద యొకటి. అది తిన్నవాడు ఒకటి రెండు దినములు కులాసాగా కనిపించును. పిమ్మట కాలేయము చెడును. “బాగానే ఉన్నాడు గదా” యని ఇంటికి కొనిపోవుట అందువలననే ప్రమాదకరము. తలకు వేసికొను రంగు కొన్ని లోనికి పోయినచో మెడ, నాలుక వాచి ఊపిరాడదు.

కావున డబ్బాను చీటీతో సహా రోగివెంట పంపవలెను. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించుట మన పల్లెలలో పరిపాటి; అది కూడదు, ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మందు తడిసిన బట్టలు తీసి, ఒడలు సబ్బుతో కడిగి, ప్రక్కకు పరుండబెట్టి, 108 వాహనమును పిలువవలెను.

2013 జూలైలో బీహారు రాష్ట్రము, సారణ్ జిల్లాలోని యొక పల్లెబడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్లు పరీక్షలో తేలినది. మందుడబ్బాలను నీటికి, నూనెకు వాడు అలవాటు మన ఊళ్లలోను పూర్తిగా పోలేదు. సభ్యులు తమ వార్డులోని బడి వంటగదిని స్వయముగా చూచి, ఊరిలోని ఖాళీ డబ్బాలకు చిల్లులు పొడిపించవలెను.