ఇంటి బీమా: జిల్లాకో రేటు, కప్పుకో విలువ

విజయవాడలో ఐదు లక్షల ఖరీదు చేసే డాబా ఉన్న ఆసామి, పన్ను కాక, ఏడాదికి ఐదు వందల లోపు కట్టి ఆ ఇంటికి బీమా చేయించుకోగలడు. నిప్పు, పిడుగు, తుఫాను, వరద, భూకంపం అన్నీ అందులోకి వస్తాయి. అక్కడికి కొద్ది గంటల దూరంలో, దివిసీమలో మురుగుకాలువ గట్టున తాటాకు గుడిసె వేసుకున్న వ్యవసాయ కూలీని ఏ బీమా ఏజెంటూ పలకరించడు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నదెవరో మనకు తెలుసు. కంపెనీలకూ తెలుసు. అందుకే రావు.

ఇంటి బీమా మనకు సంబంధించిన విషయం కాదని చాలామంది కార్యకర్తలు అనుకుంటారు. కాదు, సంబంధించిందే. ఇంటికి వెల కట్టే పద్ధతి ఎలాంటిదో తెలిస్తే, తుఫాను తర్వాత సర్కారు రిజిస్టరులో మన ఇంటికి కట్టే వెల సంగతీ తెలుస్తుంది.

కంపెనీ చూసేవి ముఖ్యంగా మూడు. ఇల్లు ఎక్కడుంది, దేనితో కట్టారు, తిరిగి కట్టాలంటే ఎంతవుతుంది. 2006 ఆఖరు దాకా దేశమంతటికీ ఒకే అగ్నిబీమా టారిఫ్ ఉండేది. తుఫాను, వరదలకు రేటు ఊరిని బట్టి మారేది కాదు. భూకంపానికి మాత్రం దేశాన్ని నాలుగు జోన్లుగా విడదీశారు. మన ప్రాంతాల్లోనూ భూమి కదలకపోలేదు. 1967లో ఒంగోలులో, 1969లో ఇప్పుడు తెలంగాణలో ఉన్న భద్రాచలంలో, 2024 డిసెంబరులో ములుగులో కదిలింది. 2007 జనవరి నుంచి టారిఫ్ పట్టు సడలింది. ఎవరి రేటు వారు వేసుకోవచ్చు. పోటీలో పట్నపు డాబాల రేటు తగ్గింది. మన పేటల్లో పోటీ పడ్డ కంపెనీ ఒక్కటి కూడా నాకు తగల్లేదు.

గాలి మాత్రం రాష్ట్రమంతా ఒకటి కాదు. ఇంజనీర్లు ఇల్లు కట్టేందుకు వాడే భారత ప్రమాణాల పుస్తకంలో ఒక్కో ఊరికి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలివేగం రాసి ఉంటుంది. కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు. హైదరాబాదుకు 44. విజయవాడ, నెల్లూరు, విశాఖపట్నాలకు 50, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇక్కడ ఒక కిటుకుంది. గాలి తోపుడు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 39కీ 50కీ తేడా చూస్తే కొంచెమే. గోడ మీద పడే తోపుడు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంటే ఒకే కూలి డబ్బుతో కర్నూలులో నిలబడే ఇల్లు బందరులో నిలబడదు. కోస్తాలో నిలిచే ఇల్లు కావాలంటే సిమెంటూ ఇనుమూ ఎక్కువ పడాలి. ప్రభుత్వమిచ్చే ఇంటి సాయం మాత్రం మైదానమంతటా ఒకే మొత్తం.

అలాగని సీమకు భయం లేదనుకోకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున రాజంపేట దాపు ఊళ్ళను ఊడ్చుకుపోయింది. పటంలో తక్కువ ప్రమాదం అని రాసి ఉన్నచోట జనం నిద్రలో ఉంటారు. అదొక ప్రమాదం. ఉత్తరాన ఉద్దానానికి 2018లో తిత్లీ, విశాఖకు 2014లో హుద్‌హుద్, కోనసీమకు 1996 నవంబరు తుఫాను, చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాలకు 2022 జూలై గోదావరి వరద. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు దాదాపు 10 వేల మంది పోయారని లెక్క. పోయినవారిలో పూరిళ్ళలో బతికే కూలీలూ, జాలరులూ ఎంతమందో ఆ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు.

ఇక కప్పు సంగతి. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే రకం ఇంటి పాలసీని దేశంలో సాధారణ బీమా కంపెనీలు అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. పాలసీ మంచిదే. ఇంటికి రాసిన మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, సామానుకు కూడా దానంతటదే వర్తిస్తుంది. కానీ అందులో ‘కచ్చా కట్టడం’ అనే మాటకు విడిగా నిర్వచనం ఉంది. చెక్కలు, తాటాకు, గడ్డి, వెదురు, ప్లాస్టిక్, గుడ్డ, టార్పాలిన్ లాంటివాటితో గోడలుగానీ కప్పుగానీ ఉంటే అది కచ్చా. మన పేటలో ఇళ్ళ జాబితా చదివినట్టు లేదూ? ఆ ముద్ర పడ్డాక కంపెనీ రేటు పెంచుతుంది, లేదా తప్పుకుంటుంది.

మరి కూలీ ప్రీమియం కట్టడం లేదా? కడుతూనే ఉన్నాడు. తాటాకు కప్పు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఆకు కొనాలి, వెదురు కొనాలి, నేసేవాడికి కూలివ్వాలి, తన పని రోజులు పోగొట్టుకోవాలి. ఐదు వందలతో ఏ ఊళ్ళోనైనా ఇంటికి కప్పు నేయించగలమా? డాబావాడు బీమాకు కట్టేదానికి ఎన్నోరెట్లు ఇతను కప్పుకే పెడుతున్నాడు. అంత పెట్టాక కూడా మే నెల గాడ్పుల్లో పొయ్యి నిప్పురవ్వ ఒక్కటి ఎగిరితే పేట పేటంతా బూడిద.

బీమా లేనివాడికి మిగిలేది సర్కారు నష్టపరిహారం. అసలు దెబ్బ ఇక్కడే తగులుతోంది. కేంద్రం 2022లో సవరించి, 2025–26 వరకు అమలుకు పెట్టిన విపత్తు సహాయ నిబంధనలు చూడండి. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కా అయినా కచ్చా అయినా, 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000. కొంత భాగమే దెబ్బతింటే, కనీసం 15 శాతం నష్టముంటే, పక్కాకు 6,500, కచ్చాకు 4,000. ఇల్లు పోయిన కుటుంబానికి బట్టలకు 2,500, పాత్ర సామానుకు 2,500.

మళ్ళీ చదవండి. కచ్చా ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000. గుడిసె పూర్తిగా పోతే 8,000. తేడా 1,12,000. ఆ తేడాను నిర్ణయించేది లెక్క రాయడానికి వచ్చిన ఉద్యోగి కలం నుంచి పడే ఒక్క మాట. నిబంధన ప్రకారం గుడిసె అంటే కచ్చా ఇంటికన్నా తక్కువ రకం, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ షీట్లు వగైరాతో వేసుకున్న తాత్కాలిక నివాసం. మట్టిగోడలు లేపి, దూలం, వాసాలు వేసి, పైన తాటాకు కప్పి ముప్ఫై ఏళ్ళుగా కాపురముంటున్న ఇల్లు తాత్కాలికమా? గోడలున్నది ఇల్లే. కానీ పైన ఆకు కనిపిస్తే చాలు, ‘గుడిసె’ అని రాసుకుపోతారు. గోడ ఒక పక్క నిలిచి ఉంటే ‘పాక్షికం’ అంటారు. మూడు గోడలు పడ్డ మట్టి ఇంట్లో నాలుగో గోడ కింద ఎవరైనా పిల్లల్ని పడుకోబెడతారా?

ఇంకో మెలిక. కూలిన ఇల్లు అనుమతి ఉన్న కట్టడమేనని అధికారి ధ్రువీకరించాలి. కాలువగట్టు, రోడ్డు మార్జిను, చెరువు పోరంబోకులో ఉన్నవారికి ఆ కాగితం ఎవరిస్తారు? ఊళ్ళో మెరక భూమి మోతుబరులకు, పల్లం కూలీలకు పడింది. పల్లంలో ఉన్నాడు కాబట్టి మునిగాడు, పట్టా లేదు కాబట్టి పరిహారం లేదు.

రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఈ నిబంధనకు మించి ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కింది అంతస్తు ఇళ్ళకు 25,000 చొప్పున ప్రకటించారు. మంచిదే, అక్కడ మునిగినవాళ్ళూ ఎక్కువమంది కష్టజీవులే. లంక గ్రామాలకూ ఆ చేయి అందాలని అడగడంలో తప్పేముంది?

గుడిసెకు బీమా కుదరదన్న మాటకు 1988లోనే జవాబు దొరికింది. ఆ ఏడు మే నెలలో కేంద్రం గ్రామీణ పేదల గుడిసెలకు బీమా పథకం తెచ్చింది. కూలీ పైసా కట్టనక్కర్లేదు, ప్రీమియం సర్కారుదే. నిప్పు అంటుకుంటే గుడిసెకు 1,000, సామానుకు 500. మొత్తం చిన్నదే, అదీ నిప్పుకే తప్ప ఉప్పెనకు కాదు. ఇవాళ ఆ పథకం పేరు పేటల్లో అడిగితే తెలిసినవారు అరుదు. కానీ సూత్రం తేలింది కదా: ఇంటింటికీ రేటు కట్టకుండా, పేదలందరినీ ఒక్క గుంపుగా చేర్చి ప్రభుత్వమే ప్రీమియం కట్టొచ్చు. కర్నూలు, బందరు, పలాస ఒకే గుంపులో ఉంటే ఏ ఒక్క జిల్లా మీదా భారం పడదు. తుఫానునూ, వరదనూ కలిపి, మొత్తాన్ని కచ్చా ఇంటి పరిహారానికి సమానం చేయమని అడగాలి. ‘తాటాకు అంటుకుంటుంది, ఖర్చెక్కువ’ అని కంపెనీలు అంటాయి. అయితే పక్కా కప్పు వేయించండి, ఖర్చు తగ్గుతుంది.

అది వచ్చేదాకా చేతిలో ఉన్న పని ఒకటుంది. అక్టోబరు రాకముందే ప్రతి పేటలో ఇళ్ళ జాబితా రాయండి. ఇంటి యజమానురాలి పేరు, గోడ దేనితో, కప్పు దేనితో, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు, పట్టా ఉంటే నంబరు. గోడలు కనిపించేలా, ఇంటివాళ్ళు నిలబడి, సెల్‌ఫోనులో ఒక ఫోటో. ఒక ప్రతి సచివాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. గాలి తగ్గి లెక్కరాసేవాళ్ళు వచ్చిననాడు ఆ జాబితా పట్టుకుని వాళ్ళ వెంట ఇద్దరు తిరగండి. ‘గుడిసె’ అని రాసిన ప్రతి చోటా ఆగి, గోడ చూపించి, కచ్చా ఇల్లు అని రాయమని అడగండి. రాయనంటే, ఎందుకు రాయలేదో కాగితం మీద ఇమ్మని తహశీల్దారుకు అదే రోజు అర్జీ పెట్టండి.