కూలిన మానును తినేదెవరు?

తాడ్వాయి అడవిలో కూలిన చెట్లు ఊరికే పుచ్చిపోతున్నయి, అమ్మితే ఎన్ని పైసలు వచ్చునో అంటున్నవ్ గద బిడ్డా. కూసో, చెప్త. 2024 ఆగస్టు 31 నాడు తాడ్వాయి, మేడారం నడుమ కొట్టిన గాలివానకు సుమారు 200 హెక్టార్ల అడవి నేలకొరిగింది. 50 వేలకు పైన చెట్లు పోయినయని అటవీ శాఖ అప్పుడు అంచనా వేసింది. అది 1950ల మొదట్ల నుంచి ఉన్న ఏటూరునాగారం అభయారణ్యం. అభయారణ్యంలో చెట్టు ఎండినా, గాలికి కూలినా బయటికి తీసుకపోవద్దని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో ఆదేశమిచ్చింది. ఆ ఆదేశం వెనక ఎంత సైన్సు ఉన్నదో తెలిస్తే నువ్వు కూడ వేలం మాట ఎత్తవు.

కట్టె అంత తొందరగ అరిగేది కాదు. మట్టిగోడ పెట్టేటప్పుడు గడ్డి కలిపి తొక్కుతరు, చూసినవ్ గద. కట్టె కూడ అసొంటిదే. గడ్డిపోచల జాగలో సెల్యులోజ్ పోగులుంటయి, మట్టి జాగలో లిగ్నిన్ ఉంటది. సెల్యులోజ్ అంతా చక్కెర అణువుల వరుసే కాబట్టి దాన్ని తినాలని ఎన్నో జీవులకు ఆశ. లిగ్నిన్ అడ్డం నిలబడ్డది. దాని కట్టుబడికి ఒక వరుస లేదు, ఎక్కడ పట్టి తెంపాలో మామూలు ఎంజైములకు అందదు. దాన్ని పూర్తిగ విడగొట్టే నేర్పు ముఖ్యంగ కొన్ని రకాల బూజులకే ఉన్నది. అవి హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో లిగ్నిన్‌ను తునకలు చేస్తయి. ఆ పని చేసే ఎంజైము ఒకదాన్ని 1983లో అమెరికాలో టియెన్, కర్క్ అనే శాస్త్రవేత్తలు చూపించిన్రు. ఆ బూజు తిన్న మొద్దు తెల్లగ, పీచుపీచుగ మిగులుతది. ఇంకో జాతి బూజు సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తది. ఆ మొద్దు గోధుమరంగుకు తిరిగి, గళ్లుగళ్లుగ పగిలి, వేళ్ల నడుమ నలిపితే పొడి అయితది. మొద్దు పక్కన అంచెలంచెలుగ గట్టిగ పొడుచుకొచ్చినవి కనబడ్డయనుకో, లోపల బూజు తినుడు చాన దూరం నడిచిందని తెలుసుకో.

బూజుకు తడి కావాలె. మనది ఆకురాల్చే పొడి అడవి. మృగశిరకు వానలు పడితే బూజు లేస్తది, ఎండాకాలం మొద్దు ఎండిపోంగనే దాని పని ఆగుతది. అప్పుడు చెదలు దిగుతయి. అవి నేల లోతుల నుంచి తడి తెచ్చుకొని, మొద్దు మీద మట్టిపొర కప్పి, ఆ నీడన తింటయి. మన దిక్కు పుట్టలు పెట్టే చెదలు కట్టెను ఒంటరిగ అరిగించుకోలేవు. నమిలి మింగిన కట్టెను పుట్టలో గూడుగ పేర్చి, దాని మీద ఒక బూజును పెంచుతయి. బూజు దాన్ని మెత్తచేస్తది, చెదలు ఆ మెత్తబడ్డ గూడునూ బూజునూ కలిపి తింటయి. మనిషి నాగలి పట్టకముందు కోట్ల ఏండ్ల నుంచి చేస్తున్న సేద్యం అది! వానకాలం పుట్ట మీద లేచే పుట్టకొక్కులు, మీ నాయనమ్మ కూర వండితే నువ్వు గిన్నె ఊడ్చి తింటవే, అవి ఆ బూజు బయటికి పంపినవే.

ప్రపంచమంతా 133 చోట్ల కట్టె ముక్కలు పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. వేడి 10 డిగ్రీలు పెరిగితే బూజులు, బ్యాక్టీరియా తినే వేగం రెండింతలు కూడ కాలేదు. చెదల వేగం మాత్రం దాదాపు 7 రెట్లయింది. మన ఎండలకు చెదలు ఎంత పని చేస్తయో ఊహించుకో.

అన్ని చెట్లూ ఒక్కతీరుగ పోవు. బూరుగు మెత్తనిది, తొందరగ పోతది. టేకుకు బయటి తెల్లచెక్క పోయినా నడిమి చేవ గట్టిగ నిలుస్తది. చెదలకు గిట్టని పదార్థాలను చెట్టు బతికున్నప్పుడే అందులో నింపిపెట్టుకున్నది. అందుకే ఒకే గాలికి కూలిన చెట్లు అడవికి ఒక్కసారి కాకుండ ఏండ్లతరబడి తిండి పెడుతయి. పెంకుపురుగుల పిల్లలు లోపల తొలుస్తయి, వాటి కోసం వడ్రంగిపిట్ట పొడుస్తది, చెదల కోసం ఎలుగుబంటి తవ్వుతది. మాను నేల నుంచి ఏండ్లకొద్దీ గుంజుకున్న భాస్వరం, కాల్షియం మెల్లమెల్లగ మళ్లా నేలకే చేరుతయి. లారీకెత్తితే అవీ పోయినట్టే.

నాకు భయమంతా నిప్పుతోని. ఇప్పపువ్వు ఏరేటప్పుడు చెట్టుకింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు ఉన్నది. పక్కన కూలిన ఎండుకట్టె ఉంటే ఆ మంట ఎక్కడ ఆగుతది? చెదలు, బూజులు ఏండ్లు తీసుకొని పంచాల్సింది ఒక్క పూటలో పొగైపోతది. ఆకులను చీపురుతో ఊడ్చినా పువ్వు దొరుకుతది బిడ్డా, అది మనోళ్లకు చెప్పాలె.

ఎండుకట్టె బరువులో సగం దాక కార్బనే. బూజు తిన్నా, చెదలు తిన్నా చాలామట్టుకు గాలిలోకే పోతది, కొంత మట్టిలో నిలుస్తది. ప్రపంచంలో చచ్చిన కట్టె నుంచి ఏటా సుమారు 1,090 కోట్ల టన్నుల కార్బన్ విడుదలైతదని, అందులో ఎక్కువ భాగం ఉష్ణమండలపు అడవులదేనని 2021లో నేచర్ పత్రికలో లెక్కగట్టిన్రు. కొత్త మొక్కలు లేచి దాన్ని మళ్లా పట్టుకుంటయి.

మరి పుచ్చకుండ మిగిలిన కట్టె ఏమైతదని అడుగుతవేమో. భూపాలపల్లికి పోయి చూడు. 25 కోట్ల ఏండ్ల కంటె ఇంకా ముందు అక్కడ గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవి ఉండె. చెదలు అప్పటికి ఇంకా పుట్టలేదు. కూలిన మానులు బురదనీళ్లలో మునిగినయి, గాలి ఆడనిచోట బూజు బతకలేకపోయింది. వాటి మీద ఇసుక, మట్టి పొరలు పడుకుంట పోయినయి. సింగరేణివాళ్లు తవ్వే బొగ్గు అదే, చెల్పూరు కరెంటు కేంద్రంలో మండుతున్నదీ అదే.